దుస్తుల మాటున రివాల్వరు: ఎంపికను గూర్చిన సమీక్ష

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆత్మరక్షణార్థమై ఆయుధమును దుస్తుల మాటున ధరించి తిరుగుటకు నేడు సగమునకు మించిన రాష్ట్రములు అనుమతి పత్రమునే కోరుట లేదు, కోరు రాష్ట్రములును, 2022 జూన్ 23న న్యూయార్కు శాసనమును గూర్చి సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు తరువాత, అర్హుడైన పౌరుని "నీకు వచ్చిన ప్రత్యేకావసరమేమి?" యని ప్రశ్నించి త్రిప్పి పంపుటకు వీలులేని స్థితికి వచ్చినవి. 1987లో ఫ్లోరిడా రాష్ట్రము అర్హులందరికిని అనుమతి నీయవలసినదేయని శాసించినది మొదలు, దుస్తుల మాటున ధరించుటనే అనుమతింపక మిగిలిన రాష్ట్రములలో కడపటిదైన ఇల్లినాయి 2013లో దానిని అనుమతించిన వరకు జరిగిన ఈ పరిణామము మంచిదా చెడ్డదా యని వాదించుట ఈ వ్యాసోద్దేశము కాదు. ఆ శాసనముల ఫలితముగా, సైనికులు గాని పోలీసులు గాని కాని సామాన్య గృహస్థులు, వృద్ధులు, రాత్రివేళ పని ముగించుకొని ఒంటరిగా ఇల్లు చేరు స్త్రీలు, తుపాకుల దుకాణములో గాజుబల్ల ముందు నిలిచి అడుగు ప్రశ్న యొకటి కలదు: ధరించుటకు రివాల్వరు తగునా, తగునేని ఏ రివాల్వరు? దీనికి దుకాణదారులు చెప్పునది ఒకటి, శిక్షకులు చెప్పునది మరియొకటి, ఆయుధ పత్రికలు వ్రాయునది వేరొకటి. నా అభిప్రాయమును ముందే చెప్పివేయుట మేలు. ఈ చర్చలో జనులు బోరును గూర్చియు తూటాల సంఖ్యను గూర్చియు వెచ్చించు శ్రమలో నాలుగవ వంతైనను బరువును గూర్చి వెచ్చింపరు. చిక్కంతయు అచ్చటనే యున్నది.

రివాల్వరు పాతబడినదను మాట నిరాధారమైనది కాదు. 1836లో సామ్యూల్ కోల్ట్ అమెరికాలో పేటెంటు పొందిన యీ ఆయుధము తరతరములుగా ఆ దేశపు పోలీసుల నడుమున వ్రేలాడినది. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు దోపిడిగాండ్రతో జరిగిన కాల్పులలో ఎఫ్.బి.ఐ. ఏజెంట్లు ఇద్దరు మరణించి ఐదుగురు గాయపడిన పిమ్మట, ఆరు తూటాలు చాలవను నిశ్చయము బలపడి, పోలీసు శాఖలు ఒకదాని వెంట నొకటిగా మ్యాగజైను గల పిస్టళ్ళకు మారినవి. న్యూయార్కు నగర పోలీసులలో ఆ మార్పు 1993లో వచ్చెను. ఆ మయామీ పోరును ముగించినవి మాత్రము, చేయి ఛిద్రమై రక్తమోడుచున్న ఎడ్మండో మిరేలెస్ అను ఏజెంటు తన రివాల్వరుతో కాల్చిన తూటాలే యనుట చరిత్రలోని వైచిత్రి. ఏమైనను, నడుమున బహిరంగముగా ధరించు పెద్ద రివాల్వరు నిష్క్రమించినది గాని, జేబులో నిముడు చిన్న రివాల్వరు నిష్క్రమింపలేదు. స్మిత్ అండ్ వెసన్, రూగర్, చార్టర్ ఆర్మ్స్, బ్రెజిలు దేశపు టారస్ నేటికిని వానిని చేయుచునే యున్నారు. పిస్టళ్ళకే పేరొందిన కింబర్ 2016లో ఈ రంగమున ప్రవేశించినది. కొంతకాలము ఈ చిన్నవానిని మానివేసిన కోల్ట్ కంపెనీ 2017లో కోబ్రా అను తన పాత పేరునే మరల వెలికి దీసినది.

ఈ చిరాయువునకు కారణములు యంత్ర నిర్మాణములోనే యున్నవి. పిస్టలు తాను ప్రేల్చిన తూటా బలముతోనే మరుసటి తూటాను లోనికి లాగుకొనును. అందుచేత తూటా మరీ బలహీనమైనను, పట్టిన చేయి సడలినను, ముందు వెనుకలకు కదలు పైభాగమగు స్లైడునకు వస్త్రమడ్డుపడినను ఆ క్రమము చెడుటకు అవకాశము కలదు. రివాల్వరును నడుపునది తూటా కాదు, మనుష్యుని వ్రేలు. ప్రేలని తూటా తటస్థించినచో ట్రిగ్గరును మరల నొక్కిన చాలును, వేరొక గది ఎదుటకు వచ్చును. శత్రువు దేహమునకు ఆనించి కాల్చినను ఆగదు. కోటు జేబులో నుండియే కాల్చినను, తూటాను కొట్టి ప్రేల్చు హ్యామరు బయటకు లేని రకమైనచో, సాధారణముగా పని చేయును. కీళ్ళ నొప్పులచే స్లైడును వెనుకకు లాగలేని వృద్ధులకు ఇందులో లాగవలసినదేమియు లేదు. ఇవి యన్నియు సత్యములే. కాని రివాల్వరు ఎన్నడును మొరాయింపదను జనశ్రుతి మాత్రము సత్యము కాదు: కాల్చిన తూటాల గుల్లలను వెడలగొట్టు నక్షత్రాకార భాగము క్రింద కాలని మందు రేణువులు పేరుకొన్నచో సిలిండరు బిగుసుకొనును, పిస్టలు చెడిన క్షణములలో సరిదిద్దుకొనవచ్చును గాని, రివాల్వరు చెడినచో తరచుగా పనివాని బల్ల యొద్దకే చేర్పవలసి వచ్చును.

నేటి చిన్న రివాల్వర్ల వంశక్రమమును కొంత తెలిసికొనిన ఎంపిక సులభమగును. 1920లలో కోల్ట్ కంపెనీకి చెందిన జాన్ హెన్రీ ఫిట్జెరాల్డ్ పెద్ద రివాల్వర్ల గొట్టములను కోసి, హ్యామరు కొనను తీసివేసి, ట్రిగ్గరును చుట్టియుండు రక్షణ కడ్డీ ముందు భాగమును సైతము తొలగించి జేబునకు తగునట్లు చేసెడివాడు. ఆ కడ్డీని తొలగించుట ఎంత ప్రమాదకరమో నేడు వేరుగా చెప్పనక్కరలేదు. 1927లో కోల్ట్ వారే రెండంగుళముల గొట్టముతో, ఆరు తూటాలతో డిటెక్టివ్ స్పెషల్ అను దానిని విక్రయింప నారంభించిరి. స్మిత్ అండ్ వెసన్ వారు 1950లో ఐదే తూటాలతో అంతకన్న సన్నని సిలిండరు గల రివాల్వరును నిర్మించి కొలరాడో స్ప్రింగ్సులో సమావేశమైన పోలీసు అధిపతుల ముందుంచగా, చీఫ్స్ స్పెషల్ అను పేరు దానికి స్థిరపడెను. ఒక తూటాను వదలుకొని సన్నదనమును గొనుట యన్న ఆనాటి బేరమే నేటికిని ఈ తరగతి కంతటికిని మూలసూత్రము. మన పాఠకులలో పలువురు కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధరు వంటి డిటెక్టివుల వలనను, సినిమాల వలనను రివాల్వరును ఎరిగినవారే. తెరమీద నాయకుడు కాల్చిన తూటాలను లెక్కపెట్టిన ప్రేక్షకుడు లేడు గనుక, ఐదు అనగా ఎంత స్వల్పమో వేరుగా జ్ఞాపకము చేయవలసి వచ్చుచున్నది.

చీఫ్స్ స్పెషల్ హ్యామరు వెనుకకు పొడుచుకొని యుండును. జేబులో నుండి తీయునపుడు గుడ్డకు తగులుకొనును. ఈ దోషమును పోగొట్టుటకే 1952లో హ్యామరును చట్రములో పూర్తిగా దాచిన సెంటెన్నియల్ అను రకమును, 1955లో చుట్టును గోడలు కట్టి కొనను మాత్రమే వ్రేలికందనిచ్చిన బాడీగార్డు అను రకమును వచ్చినవి. బయటకున్న హ్యామరును బొటనవ్రేలితో వెనుకకు లాగి పెట్టినచో ట్రిగ్గరు మూడు నాలుగు పౌనుల బలమునకే కదలును. గురికి అది ఎంతయో సుఖము. కాని భయముతో వణకుచున్న చేతిలో, ఎత్తిపట్టిన హ్యామరుతో, అంత సుకుమారమైన ట్రిగ్గరు ఉండుట అనర్థదాయకము. కాల్చనక్కర లేకపోయినపుడు ఆ హ్యామరును మరల మెల్లగా దింపుట అంతకన్న అనర్థము. కనుక ఈ విషయమున నాకు సందేహము లేదు: ధరించుటకు హ్యామరు పూర్తిగా దాచబడిన రకమే శ్రేష్ఠము. ఆ రకమున ప్రతి తూటాకును పది పండ్రెండు పౌనుల బలముతో దీర్ఘముగా ట్రిగ్గరును లాగవలసినదే. ఆ దైర్ఘ్యమే అనాలోచితమైన ప్రేలుడునకు కొంత అడ్డంకి యగును.

ఇక బరువు. ఉక్కుతో చేసిన చీఫ్స్ స్పెషల్ సుమారు 20 ఔన్సులు, అనగా 560 గ్రాములు తూగును. అల్యూమినియము మిశ్రలోహపు చట్రముతో చేసినవి, నేడు అమెరికాలో విరివిగా అమ్ముడగు 642 సంఖ్య గల రకము వంటివి, 15 ఔన్సులకు లోపుననే యుండును. 2009లో రూగర్ వారు ట్రిగ్గరు యంత్రాంగమునకు ప్లాస్టికు గూడు నమర్చి తెచ్చిన ఎల్.సి.ఆర్. పదమూడున్నర ఔన్సులు. స్కాండియము కలిపిన అల్యూమినియము చట్రము, టైటేనియము సిలిండరు గల స్మిత్ అండ్ వెసన్ వారి 340 పి.డి. యనునది 12 ఔన్సుల లోపు, అది .357 మాగ్నము తూటాను సైతము ప్రేల్చును. రెండవ కొసన, రూగర్ వారి ఉక్కు ఎస్.పి. 101 సుమారు 26 ఔన్సులు. దుకాణములో ఈ ఐదింటిని చేతికిచ్చినపుడు కొనుగోలుదారుని మనస్సు సహజముగా అన్నింటికన్న తేలికైన దానివైపే మొగ్గును. జేబులో నున్నట్లే తెలియదని దుకాణదారుడును ప్రోత్సహించును. తెలియదనుట నిజమే. కాని జేబులో నున్నంతసేపు లభించిన యా సుఖమునకు వెల కాల్చు క్షణమున చెల్లింపవలసి యున్నది.

ఆ వెల రెండు విధములు. మొదటిది అందరును ఎరిగినది: తేలిక తుపాకి వెనుకకు గట్టిగా తన్నును. .357 మాగ్నము తూటాను 12 ఔన్సుల రివాల్వరులో కాల్చినవాడు రెండవ తూటాను కాల్చుటకు సంకోచించును. ఐదును కాల్చిన తరువాత అరచేయి కందిపోవును. అటుపై అభ్యాసమునే మానుకొనును. అభ్యాసము మానినవాని చేతిలో ఆయుధము ఇతరులకెంత ప్రమాదమో తనకును అంతయే ప్రమాదము. అంతేకాదు, ఆ తన్నుడు తీవ్రతకు సిలిండరులో ప్రేలక మిగిలిన తూటాల సీసపు భాగము గుల్ల నుండి ముందుకు జరిగి, సిలిండరు ముఖమును దాటి, చట్రమునకు తగిలి దానిని తిరుగనీయకుండ చేయుట కలదు. 340 పి.డి. గొట్టము మీద 120 గ్రెయిన్లకు తక్కువ బరువుగల తూటాలను వాడరాదని తయారీదారులే ముద్రించుట చూచిన, ఆ యంత్రము తన బలిమికి ఎంత అంచున నిలిచి యున్నదో తెలియగలదు.

రెండవ వెలను గూర్చి చెప్పువారు తక్కువ. నా దృష్టిలో అదియే ముఖ్యము. ఒక పౌను బరువైనను లేని వస్తువును గాలిలో కదలకుండ నిలిపి, దానికి పదిరెట్లకు మించిన బలముతో ఒక వ్రేలితో ట్రిగ్గరును లాగవలెను. లాగు బలము అణుమాత్రము ప్రక్కకు మరలినను, ఆపగల బరువు లేదు గనుక, గొట్టము ముఖము గురినుండి తొలగును. గొట్టము రెండంగుళములే యగుటచే ముందు గురికిని వెనుక గాడికిని మధ్య దూరము స్వల్పము. అచ్చట వెంట్రుకవాసి తప్పు పదిగజముల దూరమున ఎన్నో రెట్లు పెరుగును. నిపుణులు ఏండ్ల సాధనతో ఈ కష్టమును జయింతురు. చిన్న రివాల్వరు చూచుటకు సులభమైనదిగాను, నిజమునకు ప్రవీణుల ఆయుధముగాను ఉండుటయే ఈ విషయమంతటిలోని విపర్యయము. అయినను దశాబ్దములుగా అమెరికా దుకాణములలో స్త్రీకి, వృద్ధునికి, తొలిసారి కొనువానికి చూపునది ఈ తేలిక రకమే. స్మిత్ అండ్ వెసన్ వారు 1989లో స్త్రీల కొరకు లేడీస్మిత్ పేరిట వెలువరించినది ఉక్కు రివాల్వరేయని గుర్తుచేసికొన్నచో, "ఆడవారికి తేలికది" యను సలహా వెనుక ఆలోచన కన్న అలవాటే హెచ్చని తోచును.

బోరు విషయమున వాదములు అనంతములు గాని, సారము స్వల్పము. .38 స్పెషల్ అనునది పందొమ్మిదవ శతాబ్దాంతమున పుట్టి నేటికిని ఈ తరగతికి ప్రమాణముగా నిలిచినది. .357 మాగ్నము తూటా బలము పొడవైన గొట్టములో గాని పూర్తిగా వికసింపదు; రెండంగుళముల గొట్టములో మందులో కొంత బయటనే మండి, కన్నులు చెదరు వెలుగును, చెవులు పగులు ధ్వనిని ఇచ్చుటతో సరిపెట్టును. ఆ బోరు గల ఉక్కు రివాల్వరును కొని అందులో .38 తూటాలు వాడుట వివేకమే. రెండును అందులో ఇముడును. మయామీ ఘటన తరువాత ఎఫ్.బి.ఐ. స్థిరపరచిన పరీక్షా విధానము ప్రకారము తూటా జెలటిను దిమ్మలో 12 నుండి 18 అంగుళముల వరకు చొచ్చుకొని పోవలెను. పొట్టి గొట్టము నుండి వెడలిన .38 తూటాలలో తల గుంటగా నుండి విచ్చుకొనవలసినవి పెక్కు చాలినంత వేగము లేక విచ్చుకొనవు, లేదా విచ్చుకొని చాలినంత లోతు పోవు. అందుచేతనే కొందరు అనుభవజ్ఞులు, కాగితపు గురులకై పుట్టిన 148 గ్రెయిన్ల మొండి తల తూటాను, సెకనుకు 700 అడుగుల వేగమైనను లేకున్నను, తేలిక రివాల్వరులో వాడుచున్నారు: అది చేతిని బాధింపదు, తగినంత లోతు పోవును, గురిలోనే తగులును. తగిలిన బలహీనపు తూటా తగులని బలిష్ఠపు తూటా కన్న మేలని వారి వాదము. దానికి ప్రతివాదము నాకు కనబడలేదు.

.38 యొక్క తన్నుడును కూడ సహింపలేనివారికి .32 బోరు కలదు. కొంతకాలము మరుగున పడిన ఈ బోరు, 1984లో .32 హెచ్. అండ్ ఆర్. మాగ్నముతోను, ఈ శతాబ్దపు తొలి దశకమున వచ్చిన .327 ఫెడరల్ మాగ్నముతోను పునర్జీవనము పొందినది. ఐదు .38 తూటాలు పట్టు సిలిండరులో ఆరు .32 తూటాలు పట్టుట దీని ప్రత్యేకత. తూటాల వెల, దొరుకుబడి మాత్రము .38తో పోల్చదగినవి కావు. .22 బోరును గూర్చి హెచ్చుగా చెప్పనక్కర లేదు: తన్నుడు లేదు, అభ్యాసమునకు చవుక, కాని అంచు మీద కొట్టి ప్రేల్చవలసిన తూటా యగుటచే తప్పిపోవుట హెచ్చు. 9 మి.మీ. తూటాలు వేయు రివాల్వర్లు నాకు రుచింపవు.

పిస్టలుతో పోలికను దాటవేయుట న్యాయము కాదు. 2018లో సిగ్ వారి పి 365 వచ్చిన నాటి నుండి, చిన్న రివాల్వరు కన్న సన్నగా నుండి, మ్యాగజైనులో పది తూటాలు పట్టు పిస్టళ్ళు సర్వసాధారణములైనవి. రివాల్వరు సిలిండరు మందము 33 మిల్లీమీటర్లకు చేరువగా నుండును. తిరిగి నింపుట అభ్యాసమున్నను ఆలస్యమే. స్లైడును సుఖముగా లాగగలిగి, నెలకొకసారియైనను కాల్పుల మైదానమునకు పోవు ఆరోగ్యవంతునికి చిన్న పిస్టలే తగినదని నా నిర్ణయము. రివాల్వరు తగినవారు మూడు తెగలు: చేతి బలము తగ్గినవారు, జేబులోనే ధరింపవలసినవారు, యంత్రమును గూర్చి హెచ్చుగా ఆలోచింప నిష్టములేనివారు. వీరిలో మొదటివారికి ట్రిగ్గరు బరువే చిక్కు గనుక, కొనుటకు ముందు అద్దె తుపాకులు దొరకు మైదానమునకు పోయి, ఎల్.సి.ఆర్. వంటి నునుపైన ట్రిగ్గరు గల వానిని స్వయముగా లాగి చూడవలెను. తక్కినవారికి 20 ఔన్సులకు తగ్గని ఉక్కు చట్రము, దాచిన హ్యామరు, చిటికెన వ్రేలికి సైతము చోటిచ్చు పిడి, .38 స్పెషల్ తూటా: ఇవి నాలుగును కుదిరిన దానిని, పేరు ఏదైనను, నిస్సంకోచముగా కొనవచ్చును.

ఒర లేక ధరించుట మూర్ఖత్వము. జేబులో ధరించినను ట్రిగ్గరును పూర్తిగా కప్పు జేబు ఒర యుండవలెను. ఆ జేబులో తాళపు చెవి గాని చిల్లర నాణెము గాని ఉండరాదు. రాత్రి ఇల్లు చేరిన తరువాత ఆ ఆయుధము ఎచ్చటనుండునను ప్రశ్నకు దుకాణములో సమాధానము చెప్పువారరుదు. అమెరికాలో తుపాకుల వలన సంభవించు మరణములలో సగమునకు పైగా ఆత్మహత్యలే యని తెలిసిన పిమ్మట, తాళము గల ఉక్కుపెట్టె వెలను రివాల్వరు వెలలో భాగముగానే లెక్కింపవలెను. ఇంటిలో దుఃఖమున మునిగినవారు గాని, బుద్ధి తెలియని పిల్లలు గాని ఉన్నచో, ఆయుధమును అసలు కొనకుండుట కూడ ఒక యెంపికయే.

మన దేశమున ఈ ప్రశ్న రూపమే వేరు. 1959 నాటి ఆయుధ చట్టము క్రింద లైసెన్సు పొందుట హక్కు కాదు, అనుగ్రహము. సైనికులు, పోలీసులు వాడు బోర్లు పౌరులకు నిషిద్ధములగుటచే కాన్పూరు కర్మాగారపు .32 రివాల్వరే మనవారికి పరిచితము. ఢిల్లీలో 2012లో ఒక యువతిపై జరిగిన సామూహిక అత్యాచార ఘోరము తరువాత, 2014లో స్త్రీలకని కాన్పూరులోనే తయారైన నిర్భీక్ అను రివాల్వరు టైటేనియము మిశ్రలోహముతో అర కిలో బరువున వెలసి, లక్షా 22 వేల రూపాయల ధర పలికినది. ఆ ధర పెట్టగల స్త్రీలెందరని నాడే పలువురు విమర్శించిరి. ఆంధ్ర, తెలంగాణములలో ఎన్నికల ప్రకటన వెలువడగనే లైసెన్సుదారులు తుపాకులను ఠాణాలో అప్పగించు దృశ్యము అందరును ఎరిగినదే.

టెక్సాసులోను జార్జియాలోను స్థిరపడిన మన తెలుగువారిలో ఈ విషయమున ఆసక్తి గలవారికి ఒక మాట. పౌరులును, గ్రీన్ కార్డు గలవారును పైని చెప్పిన ఎంపికను చేసికొనవచ్చును. హెచ్-1బి, విద్యార్థి వీసా వంటి తాత్కాలిక వీసాలపై నున్నవారికి మాత్రము, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకియు తూటాయు ఆ దేశపు కేంద్ర చట్టముచే నిషిద్ధములు. ఆ నిషేధము కొనుటకే గాక చెంత నుంచుకొనుటకును వర్తించును. కావున మిత్రుల వెంట వేడుకకై కాల్పుల మైదానమునకు పోదలచినవారును ముందుగా న్యాయవాదిని అడిగి గాని అడుగు పెట్టరాదు.